నేరాల రేటు రెట్టింపు అని చూపిస్తున్న పేటలో ఇల్లు తీసుకోవచ్చా?

మీరు అడిగినది ఇది: నగరం నడిబొడ్డున, రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఒక పాత పేటలో అద్దె ఇల్లు చూశారు, ఇల్లు నచ్చింది, అద్దె కూడా మీకు అందుబాటులోనే ఉంది, కానీ నేరాల లెక్కలు చూపించే పటంలో ఆ పేట మొత్తం ఎర్రగా ఉంది, నగర సగటుకు రెట్టింపు నేరాల రేటు అని పక్కనే రాసి ఉంది. మీ భార్య ఉద్యోగం ముగించుకొని రాత్రి తొమ్మిదిన్నరకు స్టేషన్‌లో దిగి నడిచి రావాలి, పదమూడేళ్ల అమ్మాయి బడికి నడిచి వెళ్లాలి. ఆ అంకెను నమ్మి వెనక్కి తగ్గాలా అన్నది మీ సందేహం. నేను ఇరవై రెండేళ్ల పాటు ఒక నగరంలో నేరాల గణాంకాలను కూర్చి విశ్లేషించే పనిలో ఉన్నాను, ఇదే ప్రశ్న ఎంతోమంది అడగగా విన్నాను. ఆ ఒక్క అంకెను చూసి ఇల్లు తీసుకోవద్దు, దాన్ని చూసి మానుకోవద్దు కూడా. పేటకంతటికీ ఒకే ప్రమాదం ఉండదు. అది కొన్ని మూలల్లో, కొన్ని గంటల్లో, కొన్ని తలుపుల దగ్గర ఉంటుంది. మీ ఇంటివాళ్లు నడిచే దారులు, నడిచే వేళలు, మీరు తీసుకోబోయే ఇంటి తలుపు వాటిలో పడతాయా లేదా అన్నదే మీరు తేల్చుకోవలసిన విషయం.

ముందు ఆ రెట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. నేరాల రేటు అంటే ఒక భాగహారం. నమోదైన నేరాలను అక్కడ నివసించే జనాభాతో భాగించి లక్షకు ఇంత అని చెబుతారు. స్టేషన్ పక్కనున్న పేటలో ఈ భాగహారం దారి తప్పుతుంది, ఎందుకంటే నేరాలు అక్కడికి వచ్చిపోయే వాళ్లందరి మీదా జరుగుతాయి, భాగించేది మాత్రం అక్కడ నిద్రపోయే వాళ్ల సంఖ్యతో. ఊహకు ఒక లెక్క వేసుకోండి. పేటలో 8,000 మంది ఉంటున్నారు, ఏడాదికి 120 కేసులు నమోదయ్యాయి. రేటు లక్షకు 1,500. నగర సగటు 750 అనుకుంటే ఇది సరిగ్గా రెట్టింపు. అయితే రోజూ ఆ స్టేషన్ గుండా 60,000 మంది వెళ్తుంటారు, ఆ 120 కేసుల్లో 80 స్టేషన్ ముంగిట ప్రయాణికుల జేబులు కొట్టినవీ సంచులు ఎత్తుకుపోయినవీ. వాటిని పక్కన పెడితే పేటవాసుల మీద జరిగినవి 40. అంటే లక్షకు 500, నగర సగటు కంటే తక్కువ. నగర సగటును కూడా ఇలాగే వడపోసి పోల్చాలి గనుక ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. అయినా ఎరుపు రంగు ఎలా పుడుతుందో దీనివల్ల తెలుస్తుంది. అదే సమయంలో ఆ ఎనభై కేసులూ మీకు సంబంధం లేనివని అనుకోకండి. మీ భార్య రోజూ రాత్రి ఆ ముంగిలి దాటే రావాలి. అందుకే రేటును కొట్టిపారేయడం కూడా పొరపాటే; దాన్ని విప్పి చూడాలి.

విప్పి చూసిన వాళ్లకు ప్రపంచమంతటా దాదాపు ఒకే సంగతి కనిపించింది. అమెరికాలోని మినియాపొలిస్‌లో లారెన్స్ షెర్మన్, ఆయన సహచరులు ఒక ఏడాదిలో పోలీసులకు వచ్చిన మూడు లక్షలకు పైగా ఫోన్ పిలుపులను చిరునామాల వారీగా విడదీసి 1989లో ఫలితాలు ప్రచురించారు. నగరంలోని చిరునామాలు, కూడళ్లలో సుమారు 3 శాతం నుంచే సగం పిలుపులు వచ్చాయి. తరువాత సియాటిల్‌లో డేవిడ్ వైస్‌బర్డ్ బృందం వీధులను ఒక కూడలి నుంచి మరో కూడలి వరకు ముక్కలుగా విభజించి పద్నాలుగేళ్ల లెక్కలు చూస్తే, ఏ ఏడు చూసినా 4 నుంచి 5 శాతం ముక్కల్లోనే సగం నేరాలు జరిగాయి. పైగా ఆ ముక్కలు ఏటేటా పెద్దగా మారలేదు. చెడ్డపేరున్న పేటల్లో కూడా అత్యధిక వీధులు ఏడాది పొడవునా ప్రశాంతంగానే ఉంటాయి. పేట మొత్తానికి ఒకే రంగు పులిమితే ఆ వీధుల వాళ్లకు అన్యాయం జరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, నిజంగా జాగ్రత్త పడవలసిన మూడు నాలుగు చోట్లు ఆ రంగులో కలిసిపోయి కనిపించకుండా పోతాయి.

ఇక భాగహారంలో పైనున్న అంకె, అంటే నమోదైన నేరాల సంఖ్య. జరిగిన నేరం లెక్కలోకి రావాలంటే బాధితుడు ఫిర్యాదు చేయాలి, ఫిర్యాదును పోలీసులు కేసుగా నమోదు చేయాలి, ఆ కేసు సరైన తరగతిలో, సరైన చోట రాయబడాలి. ప్రతి మెట్టు దగ్గరా కొంత జారిపోతుంది. అమెరికాలో 1970ల మొదటి నుంచి, బ్రిటన్‌లో 1982 నుంచి ఇంటింటికీ వెళ్లి ‘గత ఏడాది మీ మీద ఏ నేరమైనా జరిగిందా’ అని అడిగే సర్వేలు జరుగుతున్నాయి. ప్రజలు చెప్పే నేరాల్లో సగం కూడా పోలీసుల దాకా వెళ్లడం లేదని అవి పదేపదే చూపించాయి. వెళ్లినవన్నీ నమోదవుతాయా అంటే అదీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు తనిఖీ సంస్థ 2014లో పరిశీలిస్తే, పోలీసుల దృష్టికి వచ్చిన నేరాల్లో 19 శాతం నమోదే కాలేదని తేలింది. లైంగిక నేరాల్లో అది 26 శాతం. లెక్కించే పద్ధతి కూడా అంకెను మారుస్తుంది. ఒకే ఘటనలో పలు నేరాలు జరిగితే అన్నిటికంటే తీవ్రమైన దాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం భారత జాతీయ నేర గణాంకాల సంస్థ అనుసరించే నియమం. అమెరికాలోనూ 2021లో కొత్త పద్ధతికి మారేవరకు జాతీయ లెక్కలు ఎక్కువగా అలాగే వేసేవారు.

ఈ జారుడు అన్ని నేరాల్లోనూ సమానంగా ఉండదు. హత్యను దాచడం కష్టం. వాహనం పోతే బీమా కోసం యజమాని ఫిర్యాదు చేస్తాడు. కొట్లాటలు, వేధింపులు, చిన్న దొంగతనాలు మాత్రం స్థానిక పోలీసు స్టేషన్ మీద ప్రజలకున్న నమ్మకాన్ని బట్టి లెక్కలోకి వస్తాయి, లేదా రావు. కొత్తగా వచ్చిన అధికారి ఫిర్యాదులను ఓపికగా వింటే ఆ ఏడాది పేటలో నేరాలు ‘పెరుగుతాయి’. నా అనుభవంలో ఇలాంటి పెరుగుదలను చాలాసార్లు చూశాను. దాన్ని చూసి భయపడిన వాళ్లకు, అది తలుపు తెరుచుకున్న గుర్తు అని నచ్చజెప్పడం ఎప్పుడూ కష్టంగానే ఉండేది. అందువల్ల రెండు పేటలను పోల్చాలంటే మొత్తం నేరాల అంకెను వదిలి, వాహన దొంగతనాలు, ఇళ్లలో చోరీలు, దారి దోపిడీలు వేరువేరుగా తీసి పోల్చండి.

పటం మీది చుక్కలను కూడా యథాతథంగా తీసుకోకూడదు. దెబ్బలు తిన్న వాళ్లు ఆసుపత్రిలో ఫిర్యాదు ఇస్తే ఆ కేసు ఆసుపత్రి చిరునామా మీద పడవచ్చు. బాధితుల గోప్యత కోసం చుక్కను కావాలనే కొంచెం పక్కకు జరిపే పటాలూ ఉన్నాయి. 2009లో లాస్ ఏంజెలెస్ పోలీసుల నేరపటంలో కంప్యూటరు పోల్చుకోలేని చిరునామాలన్నీ వాళ్ల కొత్త ప్రధాన కార్యాలయం దగ్గరి ఒకే చోట వచ్చి చేరాయి. పత్రికల వాళ్లు పట్టుకునే వరకు, నగరంలో అత్యంత ప్రమాదకరమైన చోటు పోలీసు కార్యాలయం పక్కనేనని ఆ పటం చూపించింది. మీరు చూసిన ఎరుపు కూడా రైల్వే స్టేషన్ చిరునామా మీద కుప్పపడిన కేసుల నీడ కావచ్చు.

ఏడాదికీ ఏడాదికీ వచ్చే మార్పు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. సగటున ఏడాదికి తొమ్మిది చోరీలు జరిగే పేటలో, పరిస్థితి ఏమాత్రం మారకపోయినా ఒక ఏడు ఆరు, మరో ఏడు పన్నెండు నమోదు కావడం మామూలే. దాన్ని ‘వంద శాతం పెరుగుదల’ అని రాస్తే లెక్క తప్పు కాదు, అర్థం తప్పు. చిన్న పేట విషయంలో కనీసం మూడు నుంచి ఐదేళ్ల లెక్కలు కలిపి చూడాలి.

తరువాత, ఎవరి మీద ఎవరు చేసిన నేరాలు అన్న ప్రశ్న. వీధిలో ఎదురుపడే అపరిచితుడినే మనం ముందుగా ఊహించుకుంటాం. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా హత్యకు గురైన స్త్రీలు, బాలికలు సుమారు 85,000 మంది. వారిలో దాదాపు 51,000 మందిని చంపింది భర్తలు, సహచరులు, కుటుంబ సభ్యులే. ఒక పేటలో దాడుల సంఖ్య ఎక్కువగా ఉందంటే అందులో చాలా భాగం నాలుగు గోడల మధ్య జరిగినది కావచ్చు. అది ఆ పేట పట్టించుకోవలసిన తీవ్రమైన సమస్యే, అందులో సందేహం లేదు. కానీ స్టేషన్ నుంచి ఇంటికి నడిచే మనిషికి ఎదురయ్యే ప్రమాదాన్ని ఆ సంఖ్య చెప్పదు. పోలీసు స్టేషన్‌కు వెళ్లి అడిగేటప్పుడు ‘ఇక్కడ నేరాలు ఎక్కువా’ అని అడిగితే ఎవరికి తోచిన సమాధానం వారు చెబుతారు. ‘గత మూడేళ్లలో ఈ దారిలో, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య, తెలియని వాళ్లు చేసిన దోపిడీలు, లాక్కుపోవడాలు ఎన్ని? వాటిలో స్త్రీల మీద జరిగినవి ఎన్ని?’ అని అడగండి. సమాచారం అడిగే చట్టబద్ధమైన హక్కు ఉన్నచోట రాతపూర్వకంగా కూడా అడగవచ్చు.

అంకెల పని అక్కడితో అయిపోతుంది. మిగిలింది నడిచి చూడవలసినది. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే పరిశోధకులు చెప్పిన సూత్రం చాలా సులువైనది: నేరం చేయాలనుకునే మనిషి, అనువైన వస్తువు లేదా వ్యక్తి, అడ్డుపడగల కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట ఒకే వేళలో కలిస్తేనే నేరం జరుగుతుంది. మొదటిది మన చేతిలో లేదు. మూడవది మాత్రం కళ్లతో చూసి అంచనా వేయగలిగినది. మీ భార్య నడవబోయే దారిలో ఆమె వచ్చే వేళకే, ఒక వారం మధ్యలో ఒకసారి, సెలవు రోజున ఒకసారి నడవండి. వీలైతే ఆమెతో కలిసి నడవండి, ఎందుకంటే ఆమె గమనించే చోట్లు మీకు కనిపించకపోవచ్చు.

ఒకప్పుడు మా నగరంలో ఒక సందులో ఏడు నెలల వ్యవధిలో ఐదుసార్లు సెల్‌ఫోన్లు లాక్కుపోయిన కేసులు వచ్చాయి. కాగితాల్లో ఆ సందులో వీధిదీపం ఉంది, వెలుగుతోంది. నేను, ఒక సహోద్యోగి రాత్రి పూట వెళ్లి చూశాం. దీపం నిజంగానే వెలుగుతోంది, కానీ పక్కనున్న చెట్టు కొమ్మలు పెరిగి దాన్ని చుట్టేశాయి. వెలుగంతా ఆకుల మీదే ఆగిపోయి కింద పన్నెండు అడుగులు వేసేంత మేర నేల కనిపించడం లేదు. సరిగ్గా ఆ చీకటి దగ్గరే ప్రహరీ గోడలో మనిషి పట్టేంత కంత ఉంది, దాని గుండా వెనక వీధిలోకి దూరి మాయం కావచ్చు. ఫోన్ వెలుగులో ముఖం కనబడుతూ నడిచే మనిషి, చీకటి, పారిపోయే దారి, మూడూ ఒక్క చోట కుదిరాయి. కొమ్మలు కొట్టించి ఆ కంత మూయించాక మరుసటి ఏడాది అక్కడ ఒకే ఒక్క కేసు వచ్చింది. చిన్న అంకెల గురించి పైన చెప్పిన మాట దీనికీ వర్తిస్తుంది గనుక దీన్ని రుజువుగా చూపను. కానీ అప్పటి నుంచి ఏ దారిని చూసినా దీపాలు ఎన్ని అని కాకుండా నేల కనిపిస్తోందా అని చూడడం నాకు అలవాటైంది.

వెలుగు పనిచేస్తుందనడానికి గట్టి రుజువు వేరే ఉంది. 2016లో న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నిటిని చీట్లు వేసినట్టు ఎంపిక చేసి అదనపు దీపస్తంభాలు పెట్టారు. దీపాలు పెట్టిన చోట రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయని ఆ పరిశోధన అంచనా వేసింది. ఫిలడెల్ఫియాలో 541 పాడుబడిన ఖాళీ స్థలాల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. చెత్త ఎత్తి, గడ్డి, కొన్ని చెట్లు నాటి, తక్కువ ఎత్తు కంచె వేసిన స్థలాల చుట్టుపక్కల, పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. కాబట్టి దారిలో చెత్త నిండిన ఖాళీ స్థలం, తాళం వేసి వదిలేసిన ఇల్లు, కిటికీలు లేని పొడవాటి గోడ ఎదురైతే రాసి పెట్టుకోండి. ఆ వేళలో తెరిచి ఉండే దుకాణాలు, అరుగుల మీద కూర్చునే మనుషులు, వీధివైపు తెరుచుకునే కిటికీలు కనిపిస్తే వాటినీ రాసి పెట్టుకోండి. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా రెండోరకం దారినే ఎంచుకోవాలి.

మనుషుల గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో అన్నిటికంటే బరువైన విషయం ఇదే. రాబర్ట్ శాంప్సన్, ఆయన సహచరులు షికాగోలో 343 పేటల నుంచి 8,782 మందిని ప్రశ్నించి 1997లో ఒక అధ్యయనం వెలువరించారు. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూలన తిరుగుతుంటే మీ ఇరుగుపొరుగు వాళ్లు కలగజేసుకుంటారా, ఇంటి ముందు కొట్లాట జరిగితే అడ్డుపడతారా, ఇక్కడి వాళ్లను నమ్మవచ్చా వంటి ప్రశ్నలు అడిగారు. పేదరికం, తరచూ ఇళ్లు మారడం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, ఒకరినొకరు నమ్మి కలగజేసుకునే పేటల్లో హింస తక్కువగా ఉందని తేలింది. అందరూ బంధువుల్లా కలిసిమెలిసి ఉండనవసరం లేదు; పక్కింటి పిల్ల విషయంలో నోరు విప్పే మనుషులు ఉంటే చాలు. మీ అమ్మాయి బడికి వెళ్లే దారిలో ఒక దుకాణదారును, ఒక గృహిణిని, ఒక వృద్ధుడిని విడివిడిగా అడగండి: ‘ఒక అమ్మాయిని ఎవరైనా ఇక్కడ ఏడిపిస్తుంటే ఏం జరుగుతుంది?’ ‘ఎవరూ ఊరుకోరు’ అని వెంటనే ఒక ఘటన చెబితే అది పటంలోని ఏ రంగు కంటే విలువైన సమాచారం. ‘మనకెందుకు’ అని ముఖం తిప్పుకుంటే అదీ సమాచారమే.

ఇంటి విషయానికి వస్తే, చోరీల్లో ఒక పద్ధతి ఉంటుంది. దొంగలు పడిన ఇంటికే మళ్లీ దొంగలు పడే అవకాశం తరువాతి కొన్ని వారాల్లో ఎక్కువ. దాని పక్క ఇళ్లకూ అంతే. ఐదు దేశాల్లోని పది నగరాలు లేదా ప్రాంతాల లెక్కలు చూసిన ఒక అధ్యయనంలో, చోరీ జరిగిన ఇంటికి సుమారు 200 మీటర్ల లోపు ఇళ్లకు కనీసం రెండు వారాల పాటు ప్రమాదం పెరిగి ఉంది. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో కర్క్‌హోల్ట్ అనే గృహ సముదాయంలో 1980ల చివర ఈ సంగతినే ఆధారం చేసుకొని పనిచేశారు: ఇళ్లలో నాణేలు వేసి కరెంటు, గ్యాస్ వాడుకునే మీటర్లలో డబ్బు నిల్వ ఉండి దొంగలను ఆకర్షిస్తుంటే వాటిని తీసేశారు, దొంగలు పడిన ఇంటి తలుపులు వెంటనే బలపరిచారు, చుట్టూ ఉన్న ఐదారు ఇళ్లవాళ్లను ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. చోరీలు సగానికి పైగా తగ్గాయి. అందువల్ల మీరు తీసుకునే ఇంట్లోగానీ ఇరుగు పొరుగు ఇళ్లలోగానీ ఈ మధ్య చోరీ జరిగిందా అని యజమానిని సూటిగా అడగండి, జరిగితే ఆ తరువాత ఏం మార్చారో చూపించమనండి. తలుపు ఎంత మందంగా ఉన్నా, తాళం నాలుక దూరే ఇనుప రేకు చట్రానికి చిన్న స్క్రూలతో బిగించి ఉంటే నాలుగు తన్నులకు ఊడి వస్తుంది. ఆ స్క్రూలు పొడవుగా, చట్రం దాటి గోడలోకి దిగి ఉండాలి. వెనక తలుపును, స్నానాల గది కిటికీని కూడా అంతే శ్రద్ధగా చూడండి.

గస్తీ వాహనాలు తిరుగుతున్నాయని, కెమెరాలు ఉన్నాయని ఎవరైనా భరోసా ఇస్తే దానికి ఇవ్వవలసినంత విలువే ఇవ్వండి. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972–73లో కొన్ని ప్రాంతాల్లో మామూలు గస్తీ తీసేసి, కొన్నిటిలో రెండు మూడు రెట్లు పెంచి, కొన్నిటిలో యథాతథంగా ఉంచి చూస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఊరంతా తిరిగే గస్తీ కంటే, ప్రమాదం కుదురుకున్న ఆ కొద్ది చోట్ల కాసేపు నిలబడే గస్తీ పనిచేస్తుందని తరువాతి పరిశోధనలు చూపించాయి. కెమెరాలు వాహనాలు నిలిపే చోట్ల బాగా ఉపయోగపడతాయి. వీధి కొట్లాటలను ఆపడంలో వాటి ప్రభావం తక్కువ.

ఇవన్నీ చూశాక ఏ పరిస్థితిలో ఇల్లు వద్దంటానో చెబుతాను. మీ భార్య వచ్చే దారిలో, ఆమె వచ్చే వేళలోనే, మూడేళ్లుగా ఏటా అపరిచితుల దోపిడీలు జరుగుతూ, వేరే దారి లేకపోతే వద్దు. అమ్మాయి బడి దారిలో మీరు అడిగిన ముగ్గురూ ముఖం తిప్పుకుంటే, ఆ దారిని మార్చే వీలూ లేకపోతే వద్దు. చోరీ జరిగిన ఇంటి తలుపును బలపరచడానికి యజమాని ఒప్పుకోకపోతే వద్దు. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే, మీరు చెప్పిన వివరాలను బట్టి, పటంలో ఎరుపు ఉన్నా నేను ఆ ఇల్లు తీసుకుంటాను. తీసుకున్న మొదటి వారంలోనే ఎదురింటి వాళ్లకు, రెండు పక్కల వాళ్లకు మీ ఫోన్ నంబరు ఇచ్చి వాళ్లది తీసుకోండి. స్టేషన్ ముంగిట దాటేటప్పుడు ఫోన్ సంచిలో పెట్టుకొని, మీరు నడిచి చూసి ఎంచుకున్న దారిలోనే రమ్మని మీ భార్యకు చెప్పండి. మొదటి కొన్ని రోజులు అమ్మాయితో కలిసి బడి దారి నడుస్తూ, దారిలో మీరు మాట్లాడిన ఆ దుకాణదారుకు ఆమెను పరిచయం చేయండి.